ఎక్స్ఛేంజ్ 2016 నుంచి క్లౌడ్‌కి: రొయ్యల ఎగుమతి కంపెనీలో మెయిల్ సర్వర్ తరలించిన నా అనుభవం

కంపెనీల సొంత మెయిల్ నడిపే ఎక్స్ఛేంజ్ సర్వర్ 2016కి సపోర్ట్ (అంటే భద్రతా అప్‌డేట్లు, ప్యాచ్‌లు) 2025 అక్టోబర్ 14తో ముగుస్తుందని మైక్రోసాఫ్ట్ ఏళ్ల ముందే చెప్పింది. అదే రోజు ఎక్స్ఛేంజ్ 2019కి, విండోస్ 10కి, ఔట్‌లుక్ 2016, 2019 వెర్షన్లకి కూడా సపోర్ట్ ఆగింది. తేదీ తెలిసినా 2025 జనవరి దాకా మా దగ్గర ఆ ఫైలు కదల్లేదు. మెయిల్ వస్తోంది, పోతోంది, బాగా నడుస్తున్నదాన్ని ఇప్పుడెందుకు ముట్టుకోవాలి అన్నది మేనేజ్‌మెంట్ ప్రశ్న. వాళ్ల వైపు నుంచి చూస్తే అది న్యాయమైన ప్రశ్నే.

నేను విశాఖపట్నంలో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో ఐటీ పనులు చూస్తాను. హెడ్డాఫీసు విశాఖలో, ప్రాసెసింగ్ ప్లాంట్లు భీమవరం వైపు ఉన్నాయి. సుమారు 200 మెయిల్‌బాక్సులు. అమెరికా, జపాన్, యూరప్ బయ్యర్లతో మా వ్యాపారమంతా మెయిల్ మీదే నడుస్తుంది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, హెల్త్ సర్టిఫికెట్, ల్యాబ్ రిపోర్టు, వీటిలో ఏది ఒక రోజు ఆలస్యమైనా అవతలి పోర్టులో కంటైనర్ ఆగుతుంది, రోజుకింత అని డెమరేజ్ పడుతుంది. ఈ అనుభవం వివరంగా రాయడానికి కారణం ఉంది. మనవైపు మధ్యతరహా కంపెనీల్లో ఇంకా సొంత ఎక్స్ఛేంజ్ సర్వర్లు చాలాచోట్ల నడుస్తున్నాయి. వాటిని చూసుకునేవాళ్లు ఒకరో ఇద్దరో. వాళ్లకు ఇది పనికొస్తుందని నా ఆశ.

ఎండీ గారిని ఒప్పించడానికి ఖర్చు లెక్కలకంటే పాత సంఘటనలే ఎక్కువ పనిచేశాయి. 2021 మార్చి 2న ఎక్స్ఛేంజ్‌లో ప్రాక్సీలాగన్ అనే లోపాలకు మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు విడుదల చేసింది. అప్పటికే దాడులు జరుగుతున్నాయి. ప్యాచ్ వేసేలోపే ప్రపంచవ్యాప్తంగా వేలాది సర్వర్లలోకి చొరబడ్డారు. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు, ఇంటర్నెట్‌కి 443 పోర్టు (వెబ్‌కి వాడే దారి) తెరిచి ఉంటే చాలు. ఆ వారం మేము నిద్ర మానుకుని ప్యాచ్ వేశాం. "ఇలాంటిది 2025 నవంబర్‌లో బయటపడితే మన వెర్షన్‌కి ప్యాచ్ ఉండదు సార్" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మెయిల్ ఆగకుండా చేయగలరా?" అని మాత్రం అడిగారు. ఆ షరతే చివరిదాకా మా ప్రణాళికను నడిపించింది.

మా ముందు మూడు దారులున్నాయి. మొదటిది, కొత్త ఎక్స్ఛేంజ్ సర్వర్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కి మారి సర్వర్‌ను మా దగ్గరే ఉంచుకోవడం. అది 2025 జులై 1న విడుదలైంది. 2019 వాడేవాళ్లకు అది సులువు, ఉన్న సర్వర్ మీదే అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. 2016 వాడేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. కొత్త సర్వర్ పెట్టి, మెయిల్‌బాక్సులు ఒక్కొక్కటిగా అందులోకి మార్చాలి. దానికి తోడు మెయిల్‌బాక్స్ సర్వర్‌కి 128 జీబీ ర్యామ్ ఉండాలని మైక్రోసాఫ్ట్ సిఫార్సు. మా పాత సర్వర్‌లో అందులో నాలుగో వంతు కూడా లేదు. మెషీన్, లైసెన్సు, సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (కొత్త వెర్షన్ల హక్కు), బ్యాకప్, ఇవన్నీ కొనుక్కున్నా ప్యాచ్‌ల భారం మా నెత్తి మీదే ఉంటుంది. రెండోది, మైక్రోసాఫ్ట్ 365లోని ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్, అంటే మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో నడిచే ఎక్స్ఛేంజ్. మూడోది, జోహో లేదా గూగుల్ వర్క్‌స్పేస్ లాంటి వేరే సర్వీసు. జోహో డెమో చూశాం, బాగుంది, ధర కూడా తక్కువే. కానీ మా వాళ్లు పదేళ్లుగా ఔట్‌లుక్ ఫోల్డర్లలో, షేర్డ్ క్యాలెండర్లలో పని చేస్తున్నారు. యాక్టివ్ డైరెక్టరీ (కంపెనీ యూజర్ అకౌంట్లన్నీ ఉండే చోటు) లాగిన్లన్నీ ఔట్‌లుక్‌తోనే ముడిపడి ఉన్నాయి. సర్వర్, పని చేసే పద్ధతి రెండూ ఒకేసారి మార్చడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే రెండో దారి ఎంచుకున్నాం. కొత్తగా మొదలుపెట్టే కంపెనీకైతే నేను మూడో దారినీ గట్టిగా పరిశీలించమంటాను.

ఇక్కడి నుంచి అసలు పని. మెయిల్‌బాక్సులు తరలించడం చాలావరకు టూల్సే చేస్తాయి. మనుషులు చేయాల్సింది, ఆ సర్వర్ మీద ఎవరు, ఏమేమి ఆధారపడి ఉన్నాయో కనుక్కోవడం. నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే.

ఎక్స్ఛేంజ్‌లో ప్రతి రిసీవ్ కనెక్టర్‌కి (మెయిల్ లోపలికి తీసుకునే ద్వారం) ప్రోటోకాల్ లాగింగ్ అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని వెర్బోస్‌లో (పూర్తి వివరాలు రాసే స్థితి) పెడితే ఏ ఐపీ అడ్రస్ నుంచి, ఏ పేరుతో, ఎవరికి మెయిల్ పంపుతున్నారో అంతా ఫైళ్లలో పడుతుంది. తరలింపుకి చాలా ముందే దాన్ని ఆన్ చేసి, ఒక నెలాఖరు, ఒక క్వార్టర్ ముగింపు దాటేదాకా వదిలేశాను. ఎందుకంటే కొన్ని ప్రోగ్రాములు నెలకోసారే మెయిల్ పంపుతాయి. పేస్లిప్పులు ఒకటో తారీఖుకి పోతాయి, బ్యాలెన్స్ కన్ఫర్మేషన్లు క్వార్టర్‌కి ఒకసారి. వారం రోజుల లాగ్ చూసి సరిపెట్టుకుంటే ఇవేవీ కనపడవు.

ఆ లాగ్‌లో తేలినవి: అన్ని సెక్షన్ల స్కానర్లు, అకౌంటింగ్ ప్యాకేజీ, హాజరు మెషీన్ సాఫ్ట్‌వేర్, యూపీఎస్‌లు, ప్లాంటు గేటు దగ్గరి వేబ్రిడ్జి కంప్యూటర్. వీటితో పాటు ఎవరి జాబితాలోనూ లేని ఐపీలు కొన్ని కనపడ్డాయి. ప్లాంటు మెయింటెనెన్స్ వాళ్లతో కలిసి ఒక్కొక్కటీ వెతికితే, అందులో ఒకటి కోల్డ్ స్టోరేజీ డేటా లాగర్ అని తేలింది. గోదాము ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల కంటే పైకి పోతే అది ఇంజినీర్లకు మెయిల్ పంపుతుంది. ఆ పెట్టె బిగించి చాలా ఏళ్లయింది. బిగించినవాళ్లు ఇప్పుడు కంపెనీలో లేరు. దానికి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టే చోటే లేదు, మెయిల్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపే టీఎల్ఎస్ తెలియదు. పోర్టు 25 (సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే దారి) మీద పాత సర్వర్‌కి మెయిల్ ఇవ్వడం ఒక్కటే దానికి వచ్చు. ఆ లాగ్ చూడకుండా సర్వర్ ఆపేసి ఉంటే, ఏదో ఒక రాత్రి కంప్రెసర్ ఆగినప్పుడు ఎవరికీ కబురు అందేది కాదు. లోపల ఉండే సరుకు విలువ మొత్తం ఐటీ బడ్జెట్‌కి ఎన్నో రెట్లు.

ఇలాంటి పరికరాలకు ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో మూడు మార్గాలున్నాయి. ఒక అకౌంటుతో లాగిన్ అయి 587 పోర్టు మీద పంపడం మొదటిది. అందులో పాస్‌వర్డ్ పద్ధతిని తీసేస్తామని మైక్రోసాఫ్ట్ ఇప్పటికే ప్రకటించింది, కాబట్టి కొత్తగా దాని మీద ఏదీ కట్టకపోవడం మంచిది. లాగిన్ లేకుండా నేరుగా మన డొమైన్‌కి (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) పంపే డైరెక్ట్ సెండ్ రెండోది. 2025 మధ్యలో దీన్ని వాడుకుని కంపెనీ లోపలి మనిషి పంపినట్టు దొంగ మెయిళ్లు పంపడం ఎక్కువైంది. దాన్ని పూర్తిగా తిరస్కరించే సెట్టింగ్ ఉంది, మేము దాన్ని ఆన్ చేశాం. మూడోది కనెక్టర్ ద్వారా రిలే. మేము ఎంచుకున్నది ఇదే. ప్లాంటులో ఒక చిన్న లినక్స్ మెషీన్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ తీసుకుని ముందుకు పంపే సాఫ్ట్‌వేర్) పెట్టాం. జాబితాలో ఉన్న ఐపీల నుంచి మాత్రమే అది మెయిల్ తీసుకుంటుంది, తర్వాత టీఎల్ఎస్‌తో క్లౌడ్‌కి అందిస్తుంది. దీనికి స్టాటిక్ ఐపీ కావాలి, బయటికి వెళ్లే పోర్టు 25ని ఇంటర్నెట్ ప్రొవైడర్ మూసి ఉండకూడదు. మా ప్రొవైడర్ మూసి ఉంచాడు. తెరిపించడానికి ఉత్తరాలు, ఫోన్లు, మళ్లీ ఉత్తరాలు. ఈ పనిని ముందుగా మొదలుపెట్టండి.

డేటా లాగర్‌కి మెయిల్‌తో పాటు ఎస్ఎంఎస్ అలర్ట్ కూడా పెట్టించాం. సెన్సర్ బయటికి తీసి చూసి, మెయిల్ ఇంజినీర్ ఫోన్లో మోగాకే ఆ వరుసకి టిక్కు పెట్టాను. మిగతా ప్రతి పరికరానికీ ఇదే నియమం. సెట్టింగ్ మార్చాం అనడం చాలదు, మెయిల్ చేరడం కళ్లతో చూడాలి.

తర్వాతి అడ్డంకి నేను ఊహించని చోట వచ్చింది. డొమైన్ డీఎన్ఎస్ (ఆ పేరుకి మెయిల్, వెబ్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే రికార్డులు) మా చేతిలో లేదు. ఎప్పుడో వెబ్‌సైట్ చేసిన ఒక వెండర్ తన అకౌంట్‌లోనే మా డొమైన్ కొన్నాడు. ఏటా బిల్లు మేం కడుతున్నాం, లాగిన్ మాత్రం ఆయన దగ్గరే. మైక్రోసాఫ్ట్ 365లో డొమైన్ మనదని నిరూపించుకోవాలంటే డీఎన్ఎస్‌లో ఒక టీఎక్స్‌టీ రికార్డు పెట్టాలి. ఆ తర్వాత ఎంఎక్స్ (మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పేది), ఆటోడిస్కవర్ (ఔట్‌లుక్‌కి సర్వర్‌ని చూపేది), ఎస్పీఎఫ్, డీకిమ్ (మన పేరుతో దొంగ మెయిళ్లని గుర్తించడానికి) అన్నీ అక్కడే మార్చాలి. ప్రతిదానికీ ఒకరిని బతిమాలుతూ అర్ధరాత్రి సర్వర్ మార్చడం కుదరదు. వెండర్ ఫోన్ ఎత్తడు, ఎత్తితే "రేపు చేస్తా సార్" అంటాడు. చివరికి పాత బిల్లులన్నీ తీసి, కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి, ఎండీ గారి చేత మాట్లాడించి డొమైన్‌ను కంపెనీ పేరు మీద ఉన్న అకౌంట్‌కి మార్పించుకున్నాం. ఒక విషయం గుర్తుంచుకోండి. డాట్ కామ్ డొమైన్లలో యజమాని వివరాలు మార్చితే 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కి (డొమైన్ అమ్మే సంస్థకి) మార్చడానికి వీలుండని లాక్ పడవచ్చు. అందుకని మేము రిజిస్ట్రార్‌ని మార్చలేదు. అక్కడే అకౌంట్ మార్చుకుని డీఎన్ఎస్ మాత్రం మా చేతిలోకి తెచ్చుకున్నాం. మీ కంపెనీ డొమైన్ ఎవరి పేరు మీద ఉందో, రెన్యూవల్ మెయిల్ ఎవరికి వెళుతోందో ఈ రోజే చూడండి. తరలింపు ఉద్దేశం లేకపోయినా చూడండి.

డొమైన్ చేతికి వచ్చాక హైబ్రిడ్ ఏర్పాటు, అంటే పాత సర్వర్, క్లౌడ్ కలిసి నడిచే పద్ధతి మొదలుపెట్టాం. ఎంట్రా కనెక్ట్ టూల్‌తో యాక్టివ్ డైరెక్టరీ యూజర్లను క్లౌడ్‌కి సింక్ చేసి, హైబ్రిడ్ కాన్ఫిగరేషన్ విజార్డ్ నడిపాం. 200 మెయిల్‌బాక్సులకి హైబ్రిడ్ ఎందుకు, ఒకేసారి కటోవర్ చేస్తే పోదా అని ఒక కన్సల్టెంట్ అన్నారు. నేను ఒప్పుకోలేదు. హైబ్రిడ్‌లో సగంమంది క్లౌడ్‌లో, సగంమంది పాత సర్వర్‌లో ఉన్నా మెయిల్, క్యాలెండర్ నడుస్తాయి. దానికంటే పెద్ద లాభం ఓఎస్టీ, అంటే ఔట్‌లుక్ కంప్యూటర్‌లో ఉంచుకునే మెయిల్ కాపీ. హైబ్రిడ్ తరలింపులో మెయిల్‌బాక్స్ గుర్తింపు మారదు, కాబట్టి ఔట్‌లుక్ పాత ఓఎస్టీ ఫైలునే వాడుకుంటుంది. కటోవర్ అయితే ప్రతి కంప్యూటరూ మొత్తం మెయిల్‌ను మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాలి. ప్లాంటు లైన్ మీద అందరూ ఒకేసారి అలా మొదలుపెడితే ఏమవుతుందో అక్కడి నెట్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

తరలింపు వేగం గురించి అందరూ అడుగుతారు. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే గంటకి 45 జీబీ పోవాలని లెక్క వస్తుంది. ఆ లెక్కని నమ్మి రోజులు ఖరారు చేయకండి. పాత సర్వర్ డిస్కు వేగం, ఫైర్‌వాల్, అవతలి క్యూ అన్నీ కలిసి అసలు వేగాన్ని చాలా కిందికి తెస్తాయి. మా ఫైర్‌వాల్‌లో ఎస్ఎస్ఎల్ తనిఖీ (ఎన్‌క్రిప్ట్ అయిన డేటాని విప్పి చూడటం) ఆన్‌లో ఉన్నంతసేపూ బ్యాచ్‌లు మధ్యలో తెగిపోయేవి. తరలింపు వాడే దారికి మాత్రం ఆ తనిఖీ తీసేశాక కుదురుకున్నాయి. మంచి విషయం ఏమిటంటే, బ్యాచ్ మొదలుపెట్టగానే మెయిల్‌బాక్స్ మారిపోదు. నేపథ్యంలో 95 శాతం దాకా కాపీ అయి, మనం పూర్తి చేయమనేదాకా రోజూ కొత్త మెయిళ్లు కలుపుకుంటూ ఎదురుచూస్తుంది. కాబట్టి అప్‌లోడ్ నిదానంగా రోజుల తరబడి సాగినా ఫర్వాలేదు. మార్పు రాత్రి మాత్రం చిన్నదిగా అయిపోతుంది. పొద్దున్నే ఔట్‌లుక్ ఒకసారి మూసి తెరవమంటుంది, అంతే.

బ్యాచ్‌లు అక్షరక్రమంలో చేయకండి. ఎవరు ఎవరి మెయిల్‌బాక్సులో పనిచేస్తారో చూసి చేయండి. డాక్యుమెంటేషన్ సెక్షన్‌లో ముగ్గురు ఒకే షేర్డ్ మెయిల్‌బాక్సు వాడతారు, ఎండీ గారి క్యాలెండర్ సెక్రటరీ మేడమ్ చూస్తారు. ఇలాంటివాళ్లను విడదీస్తే పర్మిషన్లు తేడా కొడతాయి. ముఖ్యంగా ఒకరి పేరుతో ఇంకొకరు పంపే సెండ్ యాజ్ అనుమతిని రెండు వైపులా విడిగా ఇవ్వాల్సి వస్తుంది. అకౌంట్స్ వాళ్ల బ్యాచ్‌ని నెలలో 20వ తేదీ దాటాక పెట్టాను. 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ జీఎస్టీ రిటర్నులు వేయడం అయ్యాకే వాళ్లకు ఊపిరి. అకౌంట్స్ మేనేజర్ గారు ఆ ఒక్క విషయానికి నాకు ప్రత్యేకంగా కృతజ్ఞత చెప్పారు.

ఆగస్టులో రెండు దెబ్బలు ఒకేసారి వచ్చాయి. అమెరికా మన సరుకుల మీద ఆగస్టు 7 నుంచి 25 శాతం, 27 నుంచి ఇంకో 25 శాతం సుంకం వేసింది. రొయ్యల వ్యాపారానికి అమెరికా ఎంత ముఖ్యమో గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు. సేల్స్, లాజిస్టిక్స్ వాళ్లు రాత్రింబవళ్లు బయ్యర్లతో మెయిళ్లలోనే ఉన్నారు. తేదీ లోపు సరుకు ఎక్కించాలి, పాత ఆర్డర్ల ధర మళ్లీ మాట్లాడాలి. ఆ నెలలో వాళ్ల మెయిల్‌బాక్సులు ముట్టుకోనని నేను ముందే చెప్పేశాను. హైబ్రిడ్ విలువ అప్పుడు బాగా తెలిసొచ్చింది. మిగతా సెక్షన్లు క్లౌడ్‌లోకి వెళ్లిపోయాయి, వీళ్లు పాత సర్వర్‌లోనే ఉన్నారు, ఎవరికీ పని ఆగలేదు.

మొదటి సుంకం పడిన ఆ వారమే సీవీఈ-2025-53786 అనే భద్రతా లోపం బయటపడింది. హైబ్రిడ్ ఏర్పాటులో పాత సర్వర్‌కీ క్లౌడ్‌కీ ఉమ్మడిగా ఒక సర్వీస్ ప్రిన్సిపల్ (సర్వర్లు లాగిన్ అవ్వడానికి వాడే గుర్తింపు) ఉండేది. పాత సర్వర్ మీద అడ్మిన్ హక్కులు సంపాదించిన దుండగుడు దాని ద్వారా క్లౌడ్‌లోకీ పాకవచ్చన్నది ఆ లోపం. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా అక్కడి ప్రభుత్వ శాఖలకు అత్యవసర ఆదేశం ఇచ్చింది. పరిష్కారం 2025 ఏప్రిల్‌లో వచ్చిన హాట్‌ఫిక్స్ ప్యాచ్‌లోనే ఉంది. దాన్ని వేసి, హైబ్రిడ్ కోసం విడిగా ఒక అప్లికేషన్ సృష్టించి, ఆ ఉమ్మడి ప్రిన్సిపల్‌లో మిగిలిన కీలను తుడిచేయాలి. హాట్‌ఫిక్స్ మేము ముందే వేసి ఉండటంతో మిగతా రెండు పనులు ఒక సాయంత్రంలో అయ్యాయి. హైబ్రిడ్ పెట్టి వదిలేసినవాళ్లు, తరలింపు అయిపోయిందనుకుని మరిచిపోయినవాళ్లు కూడా ఆ కీలను తప్పకుండా చూసుకోవాలి.

మనుషుల వైపు సంగతులు సాంకేతిక విషయాలకంటే ఎక్కువ ఓపిక అడిగాయి. అన్నిటికంటే ముందు పీఎస్టీ ఫైళ్లు. పాత సర్వర్‌లో మెయిల్‌బాక్సుకి కోటా తక్కువ కావడంతో ఏళ్లుగా అందరూ పాత మెయిళ్లను సొంత కంప్యూటర్ డీ డ్రైవ్‌లో పీఎస్టీలుగా దాచుకున్నారు. డాక్యుమెంటేషన్ సెక్షన్‌లో ఒక అక్క దగ్గర షిప్‌మెంట్‌కి ఒక ఫోల్డర్ చొప్పున సంవత్సరాల చరిత్ర ఉంది. "ఇవి పోతే బయ్యర్ క్లెయిమ్ పెట్టినప్పుడు నేనేం చూపించాలి బాబూ?" అని ఆమె అడిగినప్పుడు ఆ ఫైళ్ల విలువ నాకు ఇంకా బాగా అర్థమైంది. మైక్రోసాఫ్ట్ ఇంపోర్ట్ సర్వీసుతో వాటిని క్లౌడ్ ఆర్కైవ్‌లోకి ఎక్కించాం. ఎక్కించే ముందు ప్రతి పీఎస్టీకీ కాపీ తీసి, స్కాన్‌పీఎస్టీ టూల్‌తో తప్పులు సరిచేశాం. తర్వాత ఆమె పక్కన కూర్చుని పాత ఫోల్డర్లు తెరిచి, సంఖ్యలు సరిచూసి, ఆమె సరే అన్నాకే డీ డ్రైవ్ కాపీని వేరే చోటికి మార్చాను.

రెండోది మల్టీ ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు అడగడం. ఫోన్‌లో ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి అనగానే కొందరు బెదిరారు. కంపెనీ తమ ఫోటోలు, వాట్సాప్ చూస్తుందేమో, ఉద్యోగం మానేస్తే ఫోన్ మొత్తం తుడిచేస్తారేమో అని టెన్షన్. ఆ భయం అర్థం లేనిది కాదు. కొన్ని రకాల డివైస్ మేనేజ్‌మెంట్‌లో ఫోన్ మొత్తం తుడిచే అధికారం నిజంగానే ఉంటుంది. మేము అది పెట్టలేదు. కంపెనీ యాప్‌లలోని డేటాని మాత్రమే తీసేసే పద్ధతి పెట్టి, ఒక ఫోన్ మీద అందరి ముందూ చేసి చూపించాం. చూశాక ఎవరూ మళ్లీ అడగలేదు. ప్లాంటు లోపల ఇంకో చిక్కు. ప్రాసెసింగ్ హాల్లోకి శుభ్రత నిబంధనల వల్ల ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. క్వాలిటీ సూపర్‌వైజర్లు ఫోన్ లేకుండా లాగిన్ అవ్వాలి. వాళ్లకు యూఎస్బీ సెక్యూరిటీ కీలు ఇచ్చాం. ప్లాంటు నెట్‌వర్క్ నుంచి వచ్చే లాగిన్లకు కండిషనల్ యాక్సెస్‌లో (ఎక్కడి నుంచి ఎలా లాగిన్ అవ్వచ్చో నిర్ణయించే సెట్టింగ్) వేరే నియమం రాశాం. ఆ సౌకర్యం ఉన్న లైసెన్సు కాస్త ఖరీదు. అందరికీ ఒకే లైసెన్సు కొనకుండా, వెబ్‌లోనే మెయిల్ చూసేవాళ్లకు చవకది, ఔట్‌లుక్, ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఖరీదైనది అని విడదీసుకున్నాం. బిజినెస్ ప్లాన్లకు 300 మంది పరిమితి ఉంది, పెరిగే కంపెనీలు అది చూసుకోవాలి.

ఉద్యోగం మానేసినవాళ్ల మెయిల్‌బాక్సులు చాలా పోగుపడి ఉన్నాయి. వాటిని షేర్డ్ మెయిల్‌బాక్సులుగా మార్చాం. 50 జీబీ లోపు ఉంటే వాటికి లైసెన్సు అక్కర్లేదు. పాత బయ్యర్లు ఇప్పటికీ ఆ అడ్రసులకు రాస్తుంటారు, వాటిని మూసేస్తే ఆర్డర్ పోవచ్చు.

ఎంఎక్స్ రికార్డు మార్చడానికి శనివారం రాత్రి పెట్టుకున్నాం. అమెరికాలో శుక్రవారం పని ముగిసి ఉంటుంది, జపాన్‌లో సోమవారం మొదలవడానికి ఇంకా సమయం ఉంటుంది. కొన్ని రోజుల ముందే టీటీఎల్ (పాత రికార్డుని ఇతర సర్వర్లు గుర్తుంచుకునే సమయం) తగ్గించి ఉంచాం. రికార్డు మార్చి, బయటి అడ్రసుల నుంచి మెయిళ్లు పంపి, హెడర్లు చదివి దారి సరిగ్గా ఉందని నిర్ధారించుకున్నాం. పాత సర్వర్‌ని వెంటనే ఆపలేదు. పాత రికార్డు పట్టుకుని కూర్చున్న సర్వర్లు ఎక్కడో ఒకచోట ఉంటాయి. వాటి రాక ఆగాక పాత సర్వర్ పోర్టు 25ని మైక్రోసాఫ్ట్ ఐపీలకు తప్ప అందరికీ మూసేశాం. మెషీన్లు పాత సర్వర్‌ని వెతకకుండా యాక్టివ్ డైరెక్టరీలోని ఆటోడిస్కవర్ పాయింట్‌ని కూడా ఖాళీ చేశాం. ఎండీ గారి షరతు నిలబడింది.

తర్వాతి పనిని చాలామంది వాయిదా వేస్తారు, నా దృష్టిలో ఎగుమతి కంపెనీకి ఇది తరలింపు అంత ముఖ్యం. మా రంగంలో ఒక రకం మోసం మామూలైపోయింది. బయ్యర్‌కి మన పేరుతో ఒక మెయిల్ వెళుతుంది, మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఈ కొత్త ఖాతాకి పంపండి అని. లక్షల డాలర్లు అలా పోయిన కథలు విన్నాం. మన డొమైన్ పేరుతో ఎవరు పడితే వాళ్లు పంపకుండా ఎస్పీఎఫ్ (మన పేరుతో ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం), డీమార్క్ (ఈ రెండూ తప్పితే ఆ మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే నియమం) మూడూ కావాలి. ఎస్పీఎఫ్‌లో మైక్రోసాఫ్ట్‌నీ, మా పోస్ట్‌ఫిక్స్ రిలే ఐపీనీ పెట్టాం. అందులో 10 డీఎన్ఎస్ లుకప్‌లకు మించకూడదు, వెండర్లు చెప్పినవన్నీ చేర్చుకుంటూ పోతే ఆ పరిమితి దాటి రికార్డు మొత్తం చెల్లకుండా పోతుంది. డీకిమ్‌కి రెండు సీనేమ్ రికార్డులు. డీమార్క్‌ని మొదట ఏ చర్యా తీసుకోని స్థితిలో పెట్టి రిపోర్టులు తెప్పించుకున్నాం. అందులో మా పేరుతో మెయిల్ పంపుతున్న హెచ్ఆర్ పోర్టల్ ఒకటి బయటపడింది. అది బయటి సర్వీసు, మా సర్వర్‌ని అసలు తాకదు కాబట్టి ప్రోటోకాల్ లాగ్‌లో కనపడే అవకాశమే లేదు. దానికి డీకిమ్ పెట్టించాక క్వారంటైన్‌కి (తప్పిన మెయిల్‌ని స్పామ్‌లో పడేయమనే స్థితి) వెళ్లాం. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఎక్కువ మెయిళ్లు పంపేవాళ్లకు ఈ మూడూ తప్పనిసరి చేశాయి, 2025 మేలో ఔట్‌లుక్ డాట్ కామ్ కూడా అదే బాట పట్టింది. మా సంఖ్య అంత లేదు, అయినా బయ్యర్ల స్పామ్ ఫోల్డర్‌లో పడటం తగ్గింది. ఒక హెచ్చరిక. మన డొమైన్‌లో ఒక అక్షరం మార్చి కొన్న దొంగ డొమైన్‌ని డీమార్క్ ఆపలేదు. అందుకే ఖాతా మార్పు మెయిల్ ఎవరి నుంచి వచ్చినా, తెలిసిన నంబర్‌కి ఫోన్ చేసి గొంతు వినకుండా డబ్బు పంపకూడదని అకౌంట్స్‌లో నియమం రాయించాం. మా బయ్యర్లకూ అదే రాశాం.

క్లౌడ్‌కి వెళ్లాం కదా, బ్యాకప్ ఎందుకు అని మేనేజ్‌మెంట్ అడిగింది. డిలీటెడ్ ఐటమ్స్ నుంచి కూడా తీసేసిన మెయిల్ మామూలుగా 14 రోజులే దొరుకుతుంది, పెంచుకుంటే 30 రోజులు. మా రంగంలో క్లెయిమ్ ఏడాది తర్వాత కూడా వస్తుంది. అందుకని వేరే బ్యాకప్ సర్వీసు తీసుకున్నాం, నెలకోసారి ఏదో ఒక మెయిల్‌బాక్స్ తిరిగి తెచ్చి చూస్తున్నాం. 2022 ఏప్రిల్ 28న మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సైబర్ సంఘటనల్ని 6 గంటల్లోపు తెలియజేయాలి. మైక్రోసాఫ్ట్ ఆడిట్ లాగ్ కూడా మామూలు లైసెన్సులో 180 రోజులు ఉంటుంది. అయినా ఫైర్‌వాల్, పోస్ట్‌ఫిక్స్ లాగ్‌ల సంగతి మనమే చూసుకోవాలి. మన డేటా ఏ దేశంలో ఉందో అడ్మిన్ సెంటర్‌లోనే కనిపిస్తుంది, అది చూసి స్క్రీన్‌షాట్ తీసి ఫైల్లో పెట్టాను. ఆడిటర్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

మిగిలింది పాత సర్వర్. యాక్టివ్ డైరెక్టరీ సింక్ వాడుతున్నంతకాలం దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయకూడదు. చేస్తే మెయిల్ వివరాల నిర్వహణ దెబ్బతింటుంది. ఒకప్పుడు ఈ ఒక్క కారణంతో చివరి ఎక్స్ఛేంజ్ సర్వర్‌ని అందరూ అలా నడుపుతూనే ఉండేవాళ్లు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఎక్స్ఛేంజ్ 2019 సీయూ12 అప్‌డేట్ నుంచి మేనేజ్‌మెంట్ టూల్స్ మాత్రం వేరే మెషీన్‌లో పెట్టుకుని, సర్వర్‌ని షట్‌డౌన్ చేయడానికి వీలు కల్పించారు. మేము అలాగే టూల్స్ పెట్టుకుని, పవర్‌షెల్ కమాండ్లతో కొత్త యూజర్‌ని సృష్టించి, అడ్రస్ మార్చి, డిలీట్ చేసి అన్నీ నడుస్తున్నాయని చూశాం. ఆ తర్వాత అక్టోబర్ 14కి ముందే సర్వర్‌ని ఆపేశాం. డబ్బు కట్టేవాళ్లకు మరో ఆరు నెలలు, అంటే 2026 ఏప్రిల్ 14 దాకా ప్యాచ్‌లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ మధ్యలో ప్రకటించినా మాకు దాని అవసరం రాలేదు.

ప్రస్తుతం రెండు పనులు నడుస్తున్నాయి. ఎవరూ వాడని డిస్ట్రిబ్యూషన్ గ్రూపులు ఏరి తీసేస్తున్నాం. డీమార్క్‌ని క్వారంటైన్ నుంచి రిజెక్ట్‌కి మార్చాలి. దానికి ముందు ఒక షిప్పింగ్ ఏజెంట్ మా పేరుతో పంపే ప్రీ అలర్ట్ (సరుకు వస్తోందని ముందే చెప్పే) మెయిళ్లు తన సొంత డొమైన్‌కి మార్చుకోవాలి. వాళ్లకు గడువు ఇచ్చాం, రిపోర్టుల్లో ఆ ఐపీ కనపడటం మానగానే రికార్డు మారుస్తాను.